బ్యాటరీ పెట్టె మీద మా ఆయన

దుబాయి నుంచి వచ్చినవాళ్లు కంబళ్లు తెస్తారు, టేప్ రికార్డర్లు తెస్తారు, చేతనైతే కాస్త బంగారం తెస్తారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా ఆయన వించ్ తెచ్చాడు. కోరుట్లలో మా ఇంటి ముందు చెక్కపెట్టె దించి మేకులు పీకితే లోపల ఇనుప తాడు చుట్టిన డ్రమ్ము, దానికో మోటారు. వాడకట్టు ఆడవాళ్లంతా చీరలు చూద్దామని వచ్చారు. మా అత్త పెట్టెలోకి వంగి చూసి, "అందరి కొడుకులు బంగారం తెస్తె నా కొడుకు ఇనుము తెచ్చిండు" అని లోపలికి పోయింది. పైకి అనలేదు గానీ నాకూ అదే అనిపించింది.

అక్కడ ఆయన ఇసుకలో దిగబడిన బండ్లను బయటికి లాగే పని చేశాడు. ఆ మిషన్ మీద మనసు పడ్డాడు. ఇక్కడ ఒక పాత లారీ కొని, సిరిసిల్లలో సాంచలు మోసే పని పెట్టుకుంటానన్నాడు. సాంచ అంటే మా దగ్గర పవర్‌లూమ్. నేను సిరిసిల్ల పిల్లను, ఆ చప్పుడులోనే పుట్టి పెరిగాను. ఒక్క సాంచను లారీ ఎక్కించాలంటే వీధిలో మగవాళ్లంతా కావాలి, ఎవరిదో ఒకరి కాలివేలు నలగక తప్పదు. మా నాయనది అలాగే నలిగింది. అందుకే అల్లుడి ఆలోచన ఆయనకు మాత్రం భలే నచ్చింది.

చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. వించ్ పన్నెండు వోల్టులది, లారీది ఇరవై నాలుగు. నేరుగా ఇస్తే మోటారు కాలిపోతుంది. లారీకున్న రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే తీసుకుంటే ఆ ఒక్కటే ఎండిపోతుంది. ఆయన జగిత్యాల పోయి వించ్ కోసం వేరే బ్యాటరీ తెచ్చి, చెక్కపెట్టెలో పెట్టి, లారీ వెనక డ్రమ్ము పక్కన బిగించాడు. బ్యాటరీ నుంచి మోటారుకు వెల్డింగ్ పనివాళ్లు వాడే లావు కేబుల్ వేశాడు. స్విచ్చుకు మాత్రం సన్నటి వైరు, అదీ మా ఇంటి ముందు నుంచి వీధి అవతలి దాకా పోయేంత పొడుగు. గుంజేటప్పుడు ఇనుప తాడు తెగితే వచ్చి మనిషిని కొడుతుందట, అందుకని దూరంగా నిలబడి నొక్కాలట.

అంతా బాగానే ఉంది. కానీ ఆయన చేసిన వైరింగ్ ఏదీ మొదటిసారి నడిచిన పాపాన పోలేదు. వాకిట్లో స్విచ్చు వేస్తే వంటింట్లో బల్బు వెలిగే ఇల్లు మాది.

మొదటి బేరం మా నాయనదే. ఇంట్లో ఉన్న పాత సాంచను కొత్త షెడ్డుకు మార్చాలన్నాడు. పుట్టింటికి పోవచ్చని పొద్దున్నే నేనూ లారీ ఎక్కాను. చందుర్తి దాటకముందే పోలీసులు ఆపారు.

అప్పుడు మా వైపు అన్నలు, అదే నక్సలైట్లు, రోడ్ల కింద మందుపాతరలు పెడుతున్న రోజులు. మందుపాతర పేల్చడానికి ఏం కావాలో పసిపిల్లలకు కూడా తెలుసు: ఒక బ్యాటరీ, పొడుగు వైరు, ఒక స్విచ్చు. మా లారీ వెనక ఎక్కిన కానిస్టేబుల్ పెట్టె మూత తీసి చూసి, ఎక్కినదానికంటే తొందరగా దిగాడు. స్టేషన్‌కు తీసుకుపోయిన మనిషి ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పలేని కాలమది.

"ఏంటిది?" అన్నాడు ఎస్సై. వేరే జిల్లా మనిషి, చిన్న వయసు.

"బరువు గుంజే మిషిని సార్. దుబాయిల కొన్న. గీ స్విచ్చి ఒక దిక్కు నొక్కితె తాడు దిగుతది, ఇంకో దిక్కు నొక్కితె గుంజుతది."

"వైరు ఇంత పొడుగెందుకు?"

"తాడు తెగితె మనిషికి తాకద్దని సార్. కావాలంటె నొక్కి చూపిస్త."

"నువ్వు ముట్టుకోకు. వెళ్లి ఆ పెట్టె మీద కూర్చో."

మా ఆయన పోయి కూర్చున్నాడు. పేలితే ముందు ఆయనే పోవాలన్నమాట. ఎస్సై స్విచ్చు ఎవరు నొక్కుతారని అడిగితే కానిస్టేబుళ్లంతా చెట్ల వైపు నడిచారు. ఒకాయన, "నా బిడ్డ పెండ్లున్నది సార్" అన్నాడు.

"తేండి, నేను నొక్కుత" అన్నాను.

పేలుతుందని నాకు భయం లేదు. నా భయమల్లా అది నడవదేమోనని. నడవకపోతే అది వించ్ అని ఎవరు నమ్ముతారు? స్విచ్చు తీసుకుని వైరు పొడుగునా వెనక్కి నడిచాను. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కి నొక్కాను.

టక్‌మని చప్పుడైంది. చెట్ల వెనక పోలీసులు నేల మీద పడుకున్నారు. డ్రమ్ము కదలలేదు.

"ఎర్తు వదులైనట్టున్నది" అన్నాడు మా ఆయన పెట్టె మీది నుంచి, మా ఇంటి ముందర కూర్చున్నంత నిమ్మళంగా. "మోటారు కాడ నల్ల కేబుల్ బోల్టు సూడు. పానా సీటు కింద ఉన్నది."

ఎస్సై నన్ను పోయి బిగించమన్నాడు, ఆయనను మాత్రం లేవనియ్యలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని లారీ ఎక్కాను. నిజంగానే బోల్టు ఊగుతోంది. పానా పెట్టి తిప్పుతుంటే ఈయన పక్కనుంచి, "పిండి పిసికినట్టు కాదు, గట్టిగ బిగించు" అంటాడు. అదే పానాతో నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది. తలెత్తి చూస్తే నవ్వుతున్నాడు గానీ చొక్కా వీపంతా తడిసిపోయింది. అప్పుడు నాకు ఆ మనిషి మీద పుట్టినంత ప్రేమ పెండ్లిపీటల మీద కూడా పుట్టలేదు.

దిగి మళ్లీ నొక్కాను. మోటారు గుర్రుమంది. డ్రమ్ము తిరిగింది, ఇనుప తాడు మెల్లగా కిందికి దిగింది. పోలీసులు మట్టి దులుపుకుంటూ వచ్చి చుట్టూ మూగారు. పెండ్లి బిడ్డ తండ్రయితే తానూ ఒకసారి నొక్కి చూశాడు.

ఎస్సై మమ్మల్ని పంపించాడు. పంపించే ముందు స్విచ్చు వైరును మూరెడు ఉంచి మిగతాదంతా కత్తిరించి తీసుకున్నాడు. "ఇంత వైరు కనిపిస్తే, ఇంకో చోట ఆపేవాళ్లు నొక్కి చూసేదాకా ఆగరు" అన్నాడు. మంచికే అన్నాడని ఇప్పటికీ నా నమ్మకం.

సిరిసిల్లలో సాంచకు కొక్కెం తగిలించారు. చెక్కల మీదుగా లారీలోకి గుంజాలి. స్విచ్చుకు మిగిలింది మూరెడు వైరే కాబట్టి మా ఆయన లారీ ఎక్కి తాడు పక్కనే నిలబడ్డాడు. మా నాయన అందరినీ దూరం పంపించాడు. నేను లారీ ఎక్కి మా ఆయన పక్కన నిలబడ్డాను.

"బిడ్డా, నువ్వు గక్కడెందుకు? కిందికి దిగు" అని మా నాయన కేకేశాడు.

"నీ అల్లుణ్ణి దిగుమను, నేను దిగుత" అన్నాను.

మా ఆయన గొంతు తగ్గించి, "తాడు తెగితె నీకు గూడ తాకుతదే" అన్నాడు.

"తాకనియ్యి. నువ్వు నొక్కు" అన్నాను.