ఎలుక కొట్టని బొంత

గింజల బొంత కథను మీరు ఎంతమందికి చెప్పారు?

మూఢనమ్మకాల మీద మాట్లాడమని ఏ బడివాళ్ళో పిలిచినప్పుడు ఆ కథ చెప్పే ఉంటారు. బొంత కడుపు నిండాలని ఒకామె దాని మూలలో కొర్రలు పోసి కుట్టింది, ఆ కొర్రల కోసం ఎలుక వచ్చి బొంతనే కొట్టేసింది. చిన్న కథ. పిల్లలు నవ్వుతారు, పెద్దలు తలలూపుతారు. దాన్ని వ్యాసంగా రాసింది నేను. ఆ బొంతను ఎలుక కొట్టలేదు. నేను కత్తిరించాను.

ఈ మాటను ఏళ్ల తరబడి మోశాను. సభల్లో చప్పట్లు మోగిన ప్రతిసారీ అది ఇంకాస్త బరువెక్కింది. ఇక్కడ నా పేరు రాయడం లేదు. ఆ వ్యాసం చదివినవారికి పేరు తెలుసు. చదవనివారికి దానితో పనిలేదు.

నేను గుంతకల్లులో పాఠాలు చెప్పే రోజుల్లో, మా పక్కింట్లో కుట్టుపని నేర్పే సువార్తమ్మ 'గుట్టు బొంత' అని ఒక ఆట మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళం ఆమె కుట్టుగదిలో చేరేవాళ్ళం. పాత చీరల్లో నుంచి ఏ ముక్క ఎంత కొలతకు కత్తిరించాలో, దేనికి దేన్ని కలపాలో ఆ వారానికి ఎంత అవసరమో అంతే చెప్పేది. అన్నీ కలిస్తే ఏ బొమ్మ తేలుతుందో మాత్రం చెప్పేది కాదు. మూడు వరుసలుండేవి. సూది కొత్తగా పట్టినవాళ్ళకు పెద్ద చదరాలు. కాస్త తెలిసినవాళ్ళకు సన్నటి పట్టీలు. చెయ్యి తిరిగినవాళ్ళకు వంపు ముక్కలు. బొమ్మ అందరిదీ ఒకటే, పనితనం వేరు. నాది నడిమి వరుస.

చివరికి ఏమవుతుందో తెలియకుండా చెప్పినట్టు కుట్టడం గుడ్డి నమ్మకం కాదా అని మొదటిరోజే వాదనకు దిగాను. నమ్మకం లేకుంటే విప్పి మళ్ళీ కుట్టుకోమంది సువార్తమ్మ. నేను విప్పలేదు. కుట్టాను.

మూడో వరుసలో అందరికంటే ముందుండేది ఓబులమ్మ. గార్లదిన్నె నుంచి రైల్లో వచ్చేది. నాకంటే పెద్దది, గొంతు ఇంకా పెద్దది. అడగకుండానే ఇతరుల కుట్లు విప్పేసేది. నా కుట్టు చూసి, "ఇది కుట్టేనా టీచరమ్మా, కోడి తొక్కిన తావా?" అంది ఒకసారి. వచ్చే విడతలో మొదటి వరుసకు ఓబులమ్మే నేర్పుతుందని సువార్తమ్మ అందరి ముందూ చెప్పింది. ఆ పని కోసం ఓబులమ్మ అప్పటికే కళ్లద్దాలు చేయించుకుంది.

ఏ బొంతకైనా నాలుగో అంచు మూసే ముందు ఓబులమ్మ మూలలో చిటికెడు కొర్రలు పోసేది. తక్కినవాళ్ళూ ఆమెను చూసి పోయడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేకపోయాను.

"ఎవరి కోసం ఓబులమ్మక్కా ఈ గింజలు?"

"బొంతకు. కడుపు కాలే బొంత వెచ్చగుండదు."

"దానికి నోరుందా తినడానికి?"

"మీ మీటింగుల్లో పోయినోళ్ళ ఫోటోకు మల్లెపూల దండేస్తావే, దానికి ముక్కుండాదా?"

గదంతా నవ్వింది. అది గౌరవం అన్నాను.

"ఇదీ అదే. నీయి పూలు, నాయి కొర్రలు."

"ఎలుకలొస్తాయి, చూడు."

"యాడినుంచి వస్తాయప్పా? వానల్లేక మా పక్క ఎలుకలు గూడా వలస పాయ!"

ఈసారి సువార్తమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. స్వాములతో, జ్యోతిష్కులతో వేదికలెక్కి వాదించినదాన్ని, ఏ సభలోనూ నోరు మూసుకోనిదాన్ని, ఆ మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను. జవాబు లేకనా? ఉంది. ఇప్పుడైతే పది చెప్పగలను. అప్పుడు నన్ను కోసింది వాదం కాదు, నవ్వు.

బొంతలు పరిచి చూపే ఆదివారానికి ముందు, ఊరికెళ్తూ సువార్తమ్మ కుట్టుగది తాళం నాకిచ్చింది. పట్టపగలే తలుపు తీశాను. ఓబులమ్మ బొంత చెక్క అరలో మడత పెట్టి ఉంది. ఆ మూల కుట్టు విప్పి గింజలు తీసేద్దామనే అనుకున్నాను. గింజలు లేకున్నా బొంతకేం కాలేదని తర్వాత చూపించవచ్చు. నిజంగా అంతే అనుకున్నానా? ఇన్నేళ్ల తర్వాత నాకే తెలియదు. ఆమె కుట్టు నేననుకున్నదానికంటే గట్టిది. కత్తెర జారి గుడ్డలో దిగింది. ఆ మూలముక్క వాళ్ళ నాయన తలగుడ్డలోది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

అక్కడి వరకూ పొరపాటు. అక్కడ ఆగి ఉంటే ఈ రాత అవసరమే లేదు. నేను ఆగలేదు. చిరుగు అంచులను గోళ్లతో పీకి దారాలు లేపాను. కొన్ని కొర్రలు అరలో చల్లాను. తాళం వేసి ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

ఆదివారం అందరూ బొంతలు మొదటిసారి నిండుగా పరిచారు. గుట్టు బయటపడింది. తేలిన బొమ్మ దిగుడుబావి. మొదటి వరుస పెద్ద చదరాల్లో మెట్లు మాత్రమే తేలాయి. ఓబులమ్మ వంపు ముక్కల్లో మెట్ల అడుగున నీళ్ళు కూడా సుడి తిరుగుతున్నాయి. అందరూ దాని చుట్టూ మూగారు. అప్పుడు మూల కనిపించింది.

"చూశారా?" అన్నాను. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడాను. మంచి ఉపన్యాసం. కత్తెర కోతకూ ఎలుక కొరుకుడుకూ తేడా తెలియనివాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు. అయినా ఒక్కరూ ముక్కను చేతిలోకి తీసుకుని చూడలేదు. వారాల తరబడి చెప్పినట్టు కుట్టిన చేతులే, నేను చెప్పగానే తమ బొంతల మూలలు విప్పి కొర్రలు దులిపేశాయి. దేన్నీ చూడకుండా నమ్మొద్దని ఊరూరా అరిచినదాన్ని, చూడకుండా నమ్మినందుకే ఆ రోజు వాళ్ళను మెచ్చుకున్నాను.

ఓబులమ్మ కూడా నమ్మింది. తలగుడ్డ ముక్కను మడిచి లోపలికి నెట్టింది. తన గింజలే తన నాయన గుడ్డను ఎలుక పాలు చేశాయని, ఇంకొకరికి నేర్పే మొహం తనకు లేదని సువార్తమ్మతో చెప్పి రైలెక్కింది. మళ్ళీ రాలేదు.

నేను వ్యాసం రాశాను. అది ఎంతదూరం పోయిందో మీకు తెలుసు.

బొంతకు కడుపు లేదని నేను ఇప్పటికీ అంటాను. నా వాదం సరైనదే. సరైన వాదానికి అబద్ధం ఎందుకు కావాల్సి వచ్చింది? వాదానికి అక్కర్లేదు. నాకు కావాల్సి వచ్చింది.

పోయిన నెల గార్లదిన్నె వెళ్ళాను. ఓబులమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాటలో రాళ్ళు ఏరుతోంది. ఆ తర్వాత సూది పట్టలేదట. జరిగింది మొత్తం చెప్పాను. చాట కింద పెట్టింది. కూర్చోమనలేదు.

"నాకేమిటికి సెప్తాండావు? నన్ను సూసి నవ్వినోళ్ళకు సెప్పు పో. నువ్వు యాడ యాడ సెప్పినావో ఆడల్లా సెప్పు."

మళ్ళీ చాట అందుకుంది. క్షమిస్తానని ఆమె అనలేదు. అడిగే మొహం నాకూ లేకపోయింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక, చాలా ఏళ్లకు ఊపిరి పూర్తిగా ఆడినట్టనిపించింది. అంతకుమించి ఏమీ దొరకలేదు.

నేను చెప్పిన చోట్లకు నేను వెళ్తున్నాను. మీరు చెప్పిన చోట్లు నాకు తెలియవు. ఏ బడిలో ఆ కథ చెప్పి పిల్లల్ని నవ్వించారో ఆ బడికే వెళ్ళండి. ఆ పిల్లల ముందే నిలబడండి. బొంతను కోసింది కత్తెర అని, ఆ కత్తెర పట్టింది మూఢనమ్మకాలను తిట్టే మనిషేనని చెప్పండి. రేపే వెళ్ళండి.