సోలలో బొటనవేలు

రాజుల కాలం ముచ్చట. మా ఆయన పోయిన ఏడే ఆయన ఉప్పు బేరం నేను ఎత్తుకున్న. కొంట ఊరి సంతల సోలెడు ఉప్పు పోసి, సోలెడు సారపప్పు తీసుకోవాలె. కొలిచేటప్పుడు బొటనవేలు సోల లోపల పెట్టుడు ఆయన దగ్గరే నేర్చుకున్న.

సంత ముందురోజు శబరి ఏటి రేవుల పడవ కోసం కూసున్న. పక్కనున్న ముసల్ది సారపప్పు మూట విప్పి ఉప్పు అడిగింది. నేను కొలుస్తుంటే నా బొటనవేలు పట్టి గుంజింది. సోలల ఉప్పు గుంటపడ్డది.

"ఏందే, వేలు గూడ అమ్ముతున్నవా? కోసియ్యి, కూరల ఏసుకుంట."

రేవుల ఉన్నోళ్ళంత నవ్విన్రు.

"మొగుడు సచ్చిన ఆడదాన్ని, పిల్లల్ని ఎట్ల సాకాలె?" అని అరిచిన.

"నా మొగుడేమన్న బతికున్నడా?" అని మూట కట్టుకొని లేచింది. "రేపు సంతల అందరికి చెప్త."

ఆ మాట సంతల పడితే నా బేరం అంతే. తెల్లారి భయంతోని వేలు బయట పెట్టే కొలిచిన. ముసల్ది రానేలేదు. పొద్దుగూకక ముందే గంప ఖాళీ అయింది. మళ్ళా వారం ఉప్పు తీసుకున్నోళ్ళే నన్ను ఎతుక్కుంట వచ్చిన్రు.

దాని నోరు పడిపోను, ఇప్పటికీ తిట్టుకుంట. సోల పడితే మాత్రం ఆ వేలు దానంతటదే బయటికొస్తది.