ఢిల్లీ తర్వాత సియోల్

మా అపార్టుమెంటు ఈతకొలనులో ఆదివారం పొద్దున్నే బ్లీచింగ్ కలుపుతారు. ఆ వాసన తొమ్మిదో అంతస్తులో మా వంటింటి కిటికీ దాకా వస్తుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ నిలబడ్డ నాకు అరికాళ్లలో చెమట పడుతుంది. ముప్పై ఆరేళ్ల మనిషిని. రోజూ బాచుపల్లి నుంచి హైటెక్ సిటీకి పడుతూ లేస్తూ వెళ్లి, పదిహేడో అంతస్తులో అద్దాల గోడ పక్కన కూర్చుని, జనం వాడే యాప్‌లలో ఎక్కడేం చెడిపోతుందో ముందే భయపడి చెప్పే ఉద్యోగం చేస్తున్నదాన్ని. వాసనకు వణకడమేమిటని నా మీద నాకే చిరాకేస్తుంది. కానీ కాళ్లు నా మాట వినవు. అప్పుడు నోట్లోనే గొణుక్కుంటాను: ఢిల్లీ, మనీలా, టోక్యో, జకార్తా... మా ఆయన పేపరు పక్కన పెట్టి, "మళ్లీ ఆసియా అంతా తిరిగొస్తున్నావా?" అంటాడు. ఆయనకది వేళాకోళం. నాకది పట్టుకుని ఎక్కడానికి ఒక కమ్మీ. దాన్ని నా చేతికిచ్చింది సలోమి మేడం.

ఇరవై రెండేళ్ల కిందట మేము గచ్చిబౌలిలో ఉండేవాళ్లం. అప్పుడక్కడ ఇన్ని మేడలు లేవు, బండరాళ్లు ఉండేవి. ఆటల పోటీల కోసం కట్టిన పెద్ద ఈతకొలను ఒకటుండేది. దాని పక్కనే లోతైన ఇంకో కొలను, దాని మీద పది మీటర్ల టవర్. కడప నుంచి వచ్చి స్థలాల వ్యాపారంలో కాస్త నిలదొక్కుకున్న మా నాన్నకు, పిరికి కూతురు ఉండటం నామోషీగా ఉండేది. నేను బల్లికి భయపడేదాన్ని, కుక్కర్ కూతకు భయపడేదాన్ని, స్కూల్లో నా పేరు పిలిస్తే భయపడేదాన్ని. ఒకరోజు నన్ను బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లి, "మేడం, మా పాపకు భయమనేది ల్యాకుండా చేయండి" అని ఆవిడకు అప్పగించాడు. సలోమి మేడం నన్ను కింది నుంచి పై దాకా చూసింది. నలభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెడలో చిన్న సిలువ, చేతిలో నీళ్ల పైపు. "భయం లేకుంట చేసుడు నాకు రాదు సార్," అంది. "భయం ఉంటనే దూకుడు నేర్పుత. సరేనా?"

ఆవిడది బాలానగర్. వాళ్ల నాన్న అక్కడో వర్క్‌షాపులో ఫిట్టరు. చిన్నప్పుడు అన్నలతో కలిసి క్వారీ గుంటల్లో దూకుతుంటే ఎవరో చూసి శిక్షణకు పంపితే, ఎత్తు నుంచి దూకే పోటీల్లో పేరు తెచ్చుకుందట. పెళ్లి చేసుకోలేదు. ఆవిడకు రెండు పిచ్చులు. ఒకటి బైబిలు. రెండోది ఆసియా క్రీడల చరిత్ర. నాలుగేళ్లకోసారి ఆసియా దేశాలన్నీ ఒక ఊళ్లో చేరి ఆడుకునే ఆ ఆటలు ఏ ఏడు ఎక్కడ జరిగాయో, ఎవరు గెలిచారో, ఎవరు ఏడ్చారో అన్నీ ఆవిడ నాలుక చివర ఉండేవి. మేం చన్నీళ్లలో నుంచి వచ్చి తువ్వాళ్లలో వణుకుతూ కూర్చుంటే చెప్పేది. యాభై ఒకటిలో మొట్టమొదటి ఆటలు మన ఢిల్లీలోనే జరిగాయని, ఎత్తు నుంచి దూకే పోటీలో బంగారం మనవాడికే వచ్చిందని చెప్పేటప్పుడు సొంత మేనమామ సంగతి చెబుతున్నట్టే ఉండేది. అరవై రెండులో జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టు మీద జనం మండిపడుతుంటే, బస్సులో కింద నక్కి కూర్చుని ఫైనల్ ఆడటానికి వెళ్లారని చెప్పుకుంటారట. ఆ జట్టులో మన హైదరాబాదు వాళ్లూ ఉన్నారని గర్వంగా అనేది. "భయపడుకుంటనే పోయిన్రు. భయపడుకుంటనే ఆడిన్రు. గెలిచిన్రు. భయం లేనోళ్ల కథ నా దగ్గర ఒక్కటి లేదు" అనేది.

ఆ చరిత్రను ఆవిడ టవర్ మెట్లకు కూడా పట్టించింది. మెట్లు నలభై రెండు. అప్పటికి జరిగిన ఆసియా క్రీడలు పద్నాలుగు. మూడు మెట్లకో ఊరు. మేము ఎక్కుతుంటే ఆవిడ కింద నిలబడి ఊరి పేరు అరిచేది, మేము మూడు మెట్లు ఎక్కి అదే పేరు తిరిగి అరవాలి. మనసు ఎత్తు మీదికి పోకుండా పేర్ల మీద ఉంటుందని. మొదటి మూడు మెట్లూ ఢిల్లీ. తెహ్రాన్ దాటాక అయిదు మీటర్ల ప్లాట్‌ఫాం. ఎనభై రెండులో ఆటలు మళ్లీ ఢిల్లీకి వచ్చాయి కాబట్టి తొమ్మిదో పేరూ ఢిల్లీయే. ఆ తర్వాత సియోల్. చివర బూసాన్ అంటే పది మీటర్ల మీద ఉన్నట్టు. అయితే ఆ తొమ్మిదో పేరు వచ్చేసరికి మేడం గొంతు వినపడేది కాదు. వంగి పైపు సర్దుకునేది, లేకపోతే దగ్గేది. ఆ ఒక్క ఊరు మేమే అనుకుని ఎక్కేవాళ్లం. పిల్లలం కదా, ఎందుకో అడగాలని తోచలేదు.

పైపు సంగతి చెప్పాలి. కదలని నీళ్లు పై నుంచి కనపడవు. ఇది దూకినవాళ్లకే తెలుస్తుంది. పది మీటర్ల పైన నిలబడి చూస్తే కొలను ఖాళీగా ఉన్నట్టుంటుంది. అడుగున నీలం పలకలు, వాటి మధ్య నల్ల గీతలు, అంతే. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో కంటికి ఆనదు. అందుకని ఎవరు దూకుతున్నా మేడం కింద నిలబడి పైపుతో నీళ్లు చిమ్మేది. నీళ్ల మీద అలలు లేస్తే, ఇదిగో ఇక్కడున్నాయి అని తెలిసేది. పోటీల్లో దానికి వేరే ఏర్పాటు ఉంటుందట. మాకు మాత్రం సలోమి మేడం, ఆవిడ పైపు.

ఏడాదిన్నర తిరిగేసరికి నేను అయిదు మీటర్ల నుంచి దూకుతున్నాను. భయం పోలేదు. రోజూ భయపడుతూనే దూకేదాన్ని. అప్పుడు రాష్ట్ర జట్టు ఎంపిక వచ్చింది. పది మీటర్ల నుంచి దూకితేనే పేరు రాస్తారు. ఎంపిక ఆదివారం. శుక్రవారం పొద్దున మిగతా పిల్లలు స్కూలుకు వెళ్లిపోయాక మేడం నన్ను ఒక్కదాన్నే ఉండమంది. నాన్న అప్పటికే వీధి మొత్తానికి చెప్పుకున్నాడు. నేను ఊళ్ల పేర్లు అరుస్తూ బూసాన్ దాకా ఎక్కాను. అంచుకు వెళ్లాను. కింద పైపు చిమ్ముతోంది, అలలు కనిపిస్తున్నాయి. దూకితే అయిపోయేది. కానీ నేను అలల వైపు కాకుండా పక్కకు చూశాను. మేడం అరచేయంత ఉంది. అంతే, నా ఒళ్లు నాది కాకుండా పోయింది. ఎలాగో వెనక్కి జరిగి, కమ్మీని రెండు చేతులా వాటేసుకుని కూలబడ్డాను. దూకలేను. దిగనూ లేను. మెట్ల వైపు చూస్తే అవి కూడా గాల్లో వేలాడుతున్నట్టే ఉన్నాయి. అమ్మను పిలిచాను. కాళ్ల కింద తడిసింది. ఆ వయసులో అంతకన్నా సిగ్గు ఇంకేముంటుంది? ఆ సిగ్గు కూడా నన్ను కదపలేకపోయింది.

మేడం కింద నుంచి చాలాసేపు మాట్లాడింది. మెల్లగా లే అంది, కూర్చునే జరగమంది. నేను ఏడుస్తూనే ఉన్నాను. చివరికి, "గట్టిగ పట్టుకో బిడ్డా. నేనొస్తున్న" అంది. పైపు కింద పడేసిన చప్పుడు వినిపించింది. నేను తల వంచి చూశాను, చూడకుండా ఉండాల్సింది. అలలు ఒక్కొక్కటే సద్దుమణిగి నీళ్లు మాయమయ్యాయి. నీలం పలకలు, నల్ల గీతలు. ఖాళీ గుంత మీద కూర్చున్నానని నా ప్రాణం నమ్మేసింది.

అప్పుడు మెట్ల మీద నుంచి ఆవిడ గొంతు. ఢిల్లీ. మనీలా. టోక్యో. మామూలుగానే, మాకు చెప్పినట్టే. జకార్తా. బ్యాంకాక్. మళ్లీ బ్యాంకాక్. తెహ్రాన్ దగ్గరికి వచ్చేసరికి గొంతులో జీర. మూడోసారి బ్యాంకాక్ అన్నప్పుడు ఆయాసం. ఆవిడ అయిదు మీటర్ల పైకి ఎక్కగా మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టింది. "ఢిల్లీ" అంది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

ఎంతసేపో తెలియదు. గాలికి ఎక్కడో రేకు కొట్టుకుంటోంది. కమ్మీ సన్నగా అదురుతోంది. అది నా వణుకు కాదు, కింద ఇంకెవరో అదే కమ్మీని పట్టుకుని వణుకుతున్నారు. మేడం భయపడుతోంది! నాకు ఏడుపు ఆగిపోయింది. ఆవిడ పడిపోతే? నా కోసం ఎక్కి పడిపోతే? నా భయం కన్నా ఆ భయం పెద్దదైపోయింది. నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది.

"సియోల్, మేడం" అన్నాను. "ఢిల్లీ తర్వాత సియోల్."

కాసేపటికి కింద నుంచి సన్నగా, "సియోల్" అని వినిపించింది. ఒక అడుగు. ఇంకో అడుగు. "బీజింగ్" అని నేనే అన్నాను. ఆవిడ బీజింగ్ అంది. హిరోషిమా, బ్యాంకాక్, బూసాన్. ఒక్కొక్క పేరూ పై నుంచి నేను ఇస్తుంటే ఆవిడ అందుకుంటూ వచ్చింది. పైకి వచ్చి నా పక్కన కూలబడింది. మొహం పాలిపోయింది, పెదవులు తెల్లగా ఉన్నాయి. ఇద్దరం ఒకే కమ్మీని పట్టుకుని కూర్చున్నాం. ఊపిరి అందాక చెప్పింది. ఎనభై రెండు ఢిల్లీ ఆటలకు ఎంపిక జరుగుతున్నప్పుడు ఇంతే ఎత్తున నిలబడిందట. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయిందట. "ఎవ్వలేమనలే. ఎవ్వలేమనకపోవుడే పానం తీసింది. గప్పటిసంది అయిదు దాటి ఎక్కలే."

"మరి ఇప్పుడెందుకు ఎక్కారు మేడం?"

"పైన నువ్వున్నవ్ కదనే."

కింద నీళ్లు చిమ్మేవాళ్లు లేరు కాబట్టి దూకే మాటే లేదు. మొహం మెట్ల వైపు పెట్టి, ఆవిడ ముందు, నేను వెనక, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాం. పేర్లు చెప్పుకోలేదు. నేల మీద పైపు నీళ్లు పారి పారి గట్టంతా తడిసిపోయింది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఆవిడ నాకు సియోల్ సంగతి చెప్పింది. డెబ్బైలో జరగాల్సిన ఆటలు నిజానికి సియోల్‌కే ఇచ్చారట. పక్క దేశంతో గొడవ, చేతిలో డబ్బు చాలదు, భయపడి వద్దందట. అందుకే బ్యాంకాక్ పేరు వెంట వెంటనే రెండుసార్లు వస్తుంది. "పదారేండ్లకు అదే సియోల్ మళ్లొచ్చి ఆటలు పెట్టింది. ఇయ్యాల లిస్టుల దాని పేరు లేదా? దిగుడు తప్పు కాదు బిడ్డా. నేను మళ్ల ఎక్కకపోవుడే తప్పు." ఆదివారం నా పేరు రాయలేదు. నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత ఒక బుధవారం పొద్దున, అదే భయంతో, మేడం చిమ్మిన అలల మీదికి నేను దూకాను. పతకాలేమీ రాలేదు. నేను గొప్ప ఆటగత్తెనేమీ కాలేదు. ఆ శుక్రవారం సంగతి మాత్రం ఇద్దరం ఎవరికీ చెప్పలేదు.

చదువు, ఉద్యోగం, పెళ్లి వచ్చినా మేడంను వదల్లేదు. కొత్తగా ఆటలు జరిగినప్పుడల్లా ఫోన్ చేసి, "ఇంకో మూడు మెట్లు పెరిగినయ్" అనేది. దోహా, గ్వాంగ్‌ఝౌ, ఇంచియాన్, మళ్లీ జకార్తా. ఆ తర్వాత హాంగ్‌ఝౌ రావాలి. మహమ్మారి వల్ల ఆ ఆటలు ఏడాది వాయిదా పడ్డాయి. ఆ ఏడాదే మేడం గుండెకు ఆపరేషన్ అన్నారు. పొద్దున ఏడింటికి నేను దవాఖానకు వెళ్లేసరికి పచ్చ గౌను వేసి పడుకోబెట్టారు. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. ఆ టవర్ మీద చూసిన మొహమే.

"భయమైతుందా మేడం?" అన్నాను, ఆవిడ భాషలోనే.

"మస్తు" అంది. "నువ్వు జర చప్పుడు చెయ్యకు. నేనే చెప్పుకుంట పోత."

స్ట్రెచర్ కదిలింది. నేను పక్కన నడుస్తున్నాను. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఢిల్లీ, మనీలా, టోక్యో. వసారా పొడుగ్గా ఉంది. తెహ్రాన్ దాటింది. మూడో బ్యాంకాక్ వచ్చింది. సియోల్ నా నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆవిడ ఆగగానే అందించాలి, అది నా పని, ప్రపంచంలో నా ఒక్కదానికే తెలిసిన పని. మేడం "ఢిల్లీ" అంది. ఆగలేదు. "సియోల్" అంది, ఆ వెంటనే "బీజింగ్" అంది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. తర్వాతి పేరు నాకు వినపడలేదు. ఆవిడ మళ్లీ కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయింది.

మరుసటి ఏడాది హాంగ్‌ఝౌలో ఆటలు జరిగాయి. ఆ మూడు మెట్లూ నేనే కలిపాను. ఈ ఏడాది నగోయా వంతు. మా ఆఫీసులో లిఫ్ట్ వాడకుండా వారానికోసారి పదిహేడు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కుతాను. ఆరోగ్యం కోసమని అందరూ అనుకుంటారు. అంతస్తుకో ఊరు చెప్పుకుంటూ ఎక్కుతాను. పైకి పోయేకొద్దీ అరికాళ్లలో చెమట పడుతూనే ఉంటుంది, ఆ భయం ఇక పోదని తెలిసిపోయింది. తొమ్మిదో అంతస్తులో ఢిల్లీ అని ఆగిపోతాను. మేడం ఆగకుండా వెళ్లిపోయింది, నేనే ఆగుతున్నాను. కమ్మీ మీద చెయ్యి వేసి, అది అదురుతోందేమోనని చూస్తాను. కింద నుంచి ఎవరూ రారని తెలుసు. అయినా ఒకరికి ఊపిరి అందేంతసేపు నిలబడతాను. తర్వాత, మెట్లన్నీ వినేలా, సియోల్ అంటాను.