రత్నకుమారి టీచర్‌కి నేనిచ్చిన కామెడీ క్యాసెట్

1996లో మాకు చల్లపల్లిలో వీడియో లైబ్రరీ ఉండేది. బస్టాండు దగ్గర మా వీధిలోకి తిరగగానే మొదటి ఇల్లు మాదే. ముందు గది షాపు, వెనక సంసారం. మావారు విజయవాడ వెళ్లి కొత్త క్యాసెట్లు తెచ్చేవారు, షాపులో కూర్చునేది నేను. వీసీపీ కూడా అద్దెకిచ్చేవాళ్లం. క్యాసెట్ పెడితే టీవీలో సినిమా చూపించే పెట్టె అది. దాని లోపల టేపుని చదివే భాగాన్ని హెడ్ అంటారు. దానికి మురికి పట్టిందంటే బొమ్మ నిండా గీతలే. స్పిరిట్ అద్దిన గుడ్డతో హెడ్ తుడవడం, తిరిగొచ్చిన క్యాసెట్లని రివైండ్ చేసి మళ్లీ మొదటికి తేవడం నా రోజువారీ పని. ఏ ఇంటివాళ్లకి ఏ సినిమా నచ్చుతుందో కూడా నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం సుందరరావు గారు వచ్చారు. కాలవల ఆఫీసులో గుమస్తా ఆయన. భార్య రత్నకుమారి గారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆవిడే. నాలుగు నెలల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మూతి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దగా వచ్చేది, కావలసిన మాట ఒక పట్టాన దొరికేది కాదు. స్కూలుకి సెలవు పెట్టి, గుమ్మం దాటడం మానేశారు. విజయవాడ డాక్టరు ఆవిణ్ణి సంతోషంగా ఉంచమన్నారట.

“మంచి కామెడీ ఇవ్వమ్మా. మా ఇంట్లో నవ్వు వినపడి నాలుగు నెలలైంది,” అన్నారు.

ఆ పూటే వచ్చిన కట్టలో ఒక కామెడీ సినిమావి రెండు కాపీలు ఉన్నాయి. అట్ట మీద అందరూ పళ్లికిలించి ఉన్నారు, కింద ‘ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వే చిత్రం’ అని రాసి ఉంది. నేనింకా చూడలేదు. అయినా, చాలా బాగుంటుందండీ అని చెప్పి, వీసీపీతో పాటు ఇచ్చి పంపించాను.

ఆయన వెళ్లగానే రెండో కాపీ వేసుకుని కూర్చున్నాను. అరగంట గడిచినా నవ్వు రాలేదు. ఒకడు జారిపడతాడు, ఇంకొకడు అరుస్తాడు, వెనక నుంచి టొయ్యిమని చప్పుడు. పోనీలే, ముందు ముందు నవ్విస్తాడేమో అనుకుంటుండగా హీరో మేనమామ వచ్చాడు. ఆ మేనమామకి మూతి వంకర, మాట ముద్ద. భోజనాల దగ్గర మజ్జిగ మూతి పక్క నుంచి కారుతుంటే, ఇంట్లో నలుగురూ తలో రకంగా మూతి తిప్పి అతన్ని వెక్కిరిస్తారు. ఇంకో పది నిమిషాలు చూసినా కామెడీ అంతా అదే.

చటుక్కున టీవీ ఆపేశాను. షాపుకి తాళం వేసి బయలుదేరాను. వాళ్లింటికి నడిస్తే పావుగంట. ఆయన ఇంటికి చేరడానికి ఇంతసేపు, వైర్లు తగిలించుకోవడానికి ఇంతసేపు అని లెక్కలు వేసుకుంటూ, సగం నడక, సగం పరుగు. కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకునేదాన్ని, ఆ రోజు మాత్రం దారి పొడుగునా కరెంటు పోవాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. వాళ్ల వీధి చివర కొట్లో ఫ్యాను తిరుగుతూ కనపడింది.

నేను వెళ్లేసరికి మజ్జిగ సీనే నడుస్తోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ముగ్గురు చాప మీద తలలు దించుకుని కూర్చున్నారు. సుందరరావు గారు టీవీ పక్కన నిలబడి, ఇంకాసేపట్లో బాగుంటుందంట అని ఎవరికో చెప్పినట్టు చెబుతున్నారు. టీచర్ గారు కుర్చీలో, భుజం మీద తువ్వాలుతో, కళ్లు ఆర్పకుండా చూస్తున్నారు. నన్ను చూసి ఏదో చెప్పబోయారు.

“ఆ... ఆ...”

“ఆకలా? ఆయాసంగా ఉందా?” అని ఆయన కంగారుపడ్డారు.

“ఆపమంటున్నారండీ,” అని నేనే వెళ్లి స్టాప్ నొక్కాను.

ఆవిడ మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. చూడకుండా ఇచ్చాను, తప్పయిపోయింది, క్షమించండి అన్నాను. ఆవిడ ఇటు తిరగలేదు. క్యాసెట్ అడిగి తెచ్చుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా వచ్చేశాను.

తర్వాత వారం రోజులు నాకు తిండి సయించలేదు. సుందరరావు గారు రాలేదు. వీసీపీ ఎవరిచేతో పంపించారు గానీ క్యాసెట్ పంపలేదు. ఆవిడ తిండి మానేశారేమో, మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమో అని భయం. ఒకసారి వాళ్ల వీధి దాకా వెళ్లి, తలుపు తట్టే ధైర్యం లేక వెనక్కి వచ్చాను. రెండో కాపీని బీరువాలో పడేసి, అడిగినవాళ్లకి లేదని చెప్పాను. సినిమా బాగోలేకపోతే జనం తిట్టడం మా వ్యాపారంలో మామూలే. ఇది అలాంటిది కాదు.

తొమ్మిదో రోజు పొద్దున షాపు ముందు రిక్షా ఆగింది. టీచర్ గారు ఒక్కరే దిగారు. ఒక చేత్తో గోడ పట్టుకుని మెట్టెక్కి, రెండో చేతిలోని క్యాసెట్ బల్ల మీద పెట్టారు. అప్పటికి షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆవిడ మాట మొదలుపెట్టి ఆగిపోయారు. అందించబోయి, ఆవిడ చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఆ నిశ్శబ్దంలో నిలబడడం నా వల్ల అవుతుందనుకోలేదు.

“ఆ రోజు... నేను... ఆపమన్లేదు,” అన్నారు ఆవిడ. “ఆ... ఆఖరుదాకా... చూస్తానన్నాను.”

ఎందుకని నేను అడగకముందే ఆవిడే చెప్పారు.

“ఆ మేనమామ... చివరికి... ఏమయ్యాడో... తెలుసుకోవాలని.”

ఒకరోజు ఆయన్ని పనిమీద బయటికి పంపి, పక్కింటావిడ వీసీపీలో వేయించుకుని మొత్తం చూశారట. ఏమయ్యాడండీ అన్నాను.

“ఏమీ... కాలేదు. పెళ్లయిపోయింది... అందరూ ఫొటో దిగారు. వాణ్ణి... మర్చిపోయారు.” కాసేపు ఊపిరి తీసుకున్నారు. “చేతగాని... సినిమా.”

కథ రాసినవాడి మీద కోపంతో ఆవిడ మొహం ఎర్రబడింది. నాకు ఆ కోపం చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. తువ్వాలుతో మూతి తుడుచుకుని, నా బీరువాల వైపు చూసి, ఫైటింగుల సినిమా ఏదైనా ఉందా అని అడిగారు. తానే చూసుకుని, ఇరవై నిమిషాలు ఏరి, ఒకటి తీసుకున్నారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రిక్షాలో వచ్చేవారు. మాట పూర్తిగా బాగుపడలేదు. అయినా మరుసటి ఏడాది స్కూలుకి వెళ్లారు. పాఠం మెల్లగా చెప్పేవారట, పిల్లలు అలవాటుపడ్డారట.

సీడీలొచ్చాక మా లైబ్రరీ మూతపడింది. మూసేదాకా, నేను చూడని సినిమా బాగుంటుందని ఎవరికీ చెప్పలేదు. చూసేది ఎవరండీ అని ముందు అడిగేదాన్ని. ఆ రెండూ వ్యాపారంలో ఎవరైనా నేర్చుకునేవే. నాకు కష్టమైంది మూడోది. ఎదుటివాళ్లు మాట వెతుక్కుంటుంటే మనం తొందరపడకుండా ఉండడం. సాయం చేస్తున్నాననుకుని ఆ రోజు నేనందించిన మాట ఆవిడది కాదు, నాది.