నందిపేట అక్క రుచి చూసిన గాజర్ హల్వా

ఈ కబురు నాకు మొదట చెప్పింది మా చిన్న తోడికోడలు. మొన్న శుక్రవారం పొద్దున పూజ ముగించుకుని, మనవరాలు అడిగిందని క్యారెట్లు తురుముతూ కూర్చున్నాను. ఆమె నందిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి, దిగీ దిగగానే మా గడపలో నిలబడి, నందిపేట అక్క పోయి నాలుగు రోజులైందట, మట్టి కూడా అయిపోయిందట, నాకు కబురు చేయాలని అక్కడ ఎవరికీ తోచలేదేమో అంది. నేను తురుము పక్కన పెట్టేశాను. పోయేవాళ్ళు పోతారు, అది ఆ భగవంతుడి ఇష్టం. కాని ఆమె ఎవరో, నాకు ఏం చేసిందో తెలిసినవాళ్ళు ఈ ఆర్మూరులో నేను తప్ప ఇంకెవరూ మిగలలేదే అన్నది మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. ఆమె ఆదివారం చర్చికి పోయేది, నేను శనివారం గుడికి పోయేదాన్ని. పసుపు కాలంలో రోజూ పొద్దున్నే ఆటోలో ఆర్మూరు వచ్చి మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములూ, మండలనే గుండ్రటి దుంపలూ వేరుచేసే కూలిపని ఆమెది. మా ఇంటి ముందర నల్లా దగ్గర చేతులు కడుక్కోవడానికి ఆగేది. ఎంత కడిగినా పోని ఆ పసుపు చేతులతోనే నా పిల్లల బుగ్గలు గిల్లి, అవి పచ్చబడితే తానే నవ్వేది. అలా మొదలైంది మా చుట్టరికం.

నేనేమో బడి మెట్టు ఎక్కినదాన్ని కాదు. మా ఊళ్ళో అప్పుడు ఆడపిల్లల్ని అంత దూరం పంపేవాళ్ళు కాదు. మా నాయన పూజయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని స్తోత్రాల పుస్తకంలోని పెద్ద అక్షరాల మీద నా వేలు పెట్టి తిప్పించేవాడు. లెక్కలు మా అమ్మ వంటింట్లో సోలలతో, తవ్వలతో నేర్పింది. ఎంతమందికి ఎన్ని తవ్వల బియ్యం, దానికెంత పప్పు, ఎంత చింతపండు అన్నది నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చింది. ఆ ఇద్దరికీ నేను రోజూ దండం పెట్టుకుంటాను, ఎందుకంటే తరువాత నా బతుకు నిలబడింది ఆ సోలల మీదే.

నేను చెప్పబోయే ఏడాదికి మా ఆయన గల్ఫ్‌లో ఉన్నాడు. కంపెనీ మూతపడి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే చిక్కుకుని, ఇటు రావడానికీ లేదు, అటు పని చేయడానికీ లేదు. నేను బీడీలు చుట్టాను. పొగాకు ధూళి పడక ఆయాసం వచ్చింది, దవాఖానలో డాక్టరు బీడీల చాట మళ్ళీ ముట్టొద్దన్నాడు. మా అత్తమ్మ చెడ్డది కాదు. పెద్ద కొడుకు ఇంట్లో తానే ఒక పక్కన సర్దుకుని బతుకుతున్న మనిషి, నన్నూ నా ఇద్దరు ఆడపిల్లల్నీ ఎన్నాళ్ళని అక్కడ నిలపగలదు? పసుపు కాలం అయిపోగానే మా అన్న ఇంటికి పొమ్మంది. అన్న కాదనడు, తెలుసు. కాని ఆ ఊళ్ళో బడి అయిదో తరగతి దాకే. నా పెద్దది అప్పటికి అయిదు దాటబోతోంది. నాకు లేని బడి నా పిల్లలకూ లేకుండా పోతుందా అన్న ఒక్క మాట నన్ను పట్టుకుంది. పోను, ఆర్మూరు వదలను, వంట చేసైనా ఇక్కడే ఉంటాను అని దేవుడి ముందు అనుకున్నాను.

ఆ దేవుడే దారి చూపించాడు. కొత్త పసుపు మొదటి బండ్లు యార్డుకు వచ్చే రోజున, రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి సావుకారి తన దుకాణంలో పూజ చేసి రైతులకు భోజనాలు పెట్టేవాడు. ఆ ఏడాది వాళ్ళ వంటామె జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. సావుకారి తల్లిని మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం. అత్తమ్మ వైపు దూరపు చుట్టరికం కూడా ఉంది, భజనలో నా పక్కనే కూర్చునేది. నూటయాభై విస్తళ్ళకు వండగలవా అని నన్నడిగింది. వండుతానన్నాను. మంచిగా వండితే ఇక ఏడాది పొడుగునా వాళ్ళ ఇంట శుభకార్యాలన్నీ నాకే అంది.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ చాట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంట్ల అన్నం వండుడు వేరు, సావుకారి ఇంట్ల విస్తండ్లు లేపుడు వేరు. బెడిసిగొట్టిందనుకో, తెల్లారే మీ అన్నకు కబురు పెడ్త. ఆయినె వచ్చి తీస్కపోతడు."

సరేనన్నాను. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

ఇంతలో మెండోర నుంచి ఒక రైతు, గోదావరి ఒడ్డు ఇసుక నేలలో కొత్తగా పండించానని, పూజకు కానుకగా మూడు బస్తాల గాజర్లు తెచ్చి దించాడు. క్యారెట్లను మేం గాజర్లనే అంటాం. ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాదేమో గాని, ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో గాజర్‌ను కూరగాయ కింద లెక్కపెట్టేవాళ్ళు కాదు. పిల్లలు పచ్చిగా కొరుక్కు తినేవాళ్ళు, ముస్లింల ఇంటి పెళ్ళిలో హల్వా తినేవాళ్ళం, అంతే. పప్పులో వేస్తారా, పులిహోరలో కలుపుతారా అంటే నవ్వేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం, తెచ్చినాయన మనసు నొవ్వొద్దు, తీపీ కారమూ అన్నీ వీటితోనే కానియ్యమంది.

సంగతి తెలిసి అక్క యార్డు పని మొదలుకాకముందే వచ్చేసింది, వారం రోజులు ఇద్దరం మా వెనక వాకిట్లో ప్రయోగాలు చేశాం. తురుమును బియ్యప్పిండిలో కలిపి, నువ్వులూ పల్లీలూ వేసి సర్వపిండి కాల్చాం. ఎండుమిర్చి, నువ్వులు వేయించి పచ్చడి నూరాం. గాజర్‌లో తీపి ఉంటుంది కాబట్టి చింతపండు ఒక పాలు ఎక్కువ పడాలనీ, పప్పులో ముక్కలు ముందే వేస్తే తీపి దిగిపోతుంది, దించేముందే వేయాలనీ అప్పుడే తెలుసుకున్నాను. అక్క ప్రతిదీ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేది. "నీ చేతికి లెక్క తెల్సు గని ధైర్నం తెల్వదే చెల్లె. కారం ఇంకింత పడనియ్యి, తినేటోళ్ళు రైతులు, చంటిపిల్లలు గాదు" అనేది.

పూజ రోజు తెల్లవారగానే సావుకారి ఇంట్లో పొయ్యి వెలిగించాను. హల్వాకు పెద్ద పాత్ర కావాలి. గిన్నెల గది తాళంచెవి కాలు విరిగిన వంటామెతోనే ఊరికి పోయింది. సావుకారి జీతగాడు తోటకు పోయి పసుపు ఉడకబెట్టే పెద్ద ఇనుప కడాయి ఎత్తించుకొచ్చాడు. చింతపండూ బూడిదా వేసి రెండుసార్లు తోమించాను, తళతళలాడింది. మా ఊళ్ళో పసుపు అంటిన గిన్నెను మైలగిన్నె అనుకోరు. పసుపు మంగళమే కదా, తొలి నైవేద్యం దీంట్లో ఉడకడం శుభమే అని సంతోషపడ్డాను కూడా. అతుకుల దగ్గర, మేకుల సందుల్లో ఏళ్ళ తరబడి గట్టిపడిన పసుపు మడ్డి ఉంటుందనీ, గంటల తరబడి మరిగే పాలు దాన్ని కరిగించి లాగేస్తాయనీ నాకు తట్టలేదు.

తెలిసే దారి కూడా లేదు. బియ్యం పరమాన్నమైతే పచ్చబడేది, చూసి కనిపెట్టేదాన్ని. గాజర్ రంగులో ఆ పసుపు కలిసిపోయి ఇంకా కళగా కనిపించింది. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కాలంలో ఆర్మూరు గాలంతా పసుపే, మా ముక్కులకు అది వాసనే కాదు. ఇక రుచి. నైవేద్యాన్ని దేవుడికి పెట్టకముందు రుచి చూడడం మా ఇంటావంటా లేదు. మా నాయన వాసన కూడా పీల్చనిచ్చేవాడు కాదు.

అక్క గడప అవతల కూర్చుని గాజర్లు తురిమి అందిస్తోంది. హల్వా దగ్గరపడ్డాక అడిగింది:

"ఏందే, తీపి సరిపోయిందో లేదో సూడకుండ గట్లనే పెడ్తవా?"

"నైవేద్యమక్కా. నోట్ల పెట్టొద్దు."

"మా దిక్కు క్రిస్మస్‌కు వండితె మొదటి గరిటె వండినామెకే. మా దేవుడు ఏమనడు."

నేను నవ్వి గరిటె తిప్పాను. కాని ఆమె తెల్లవారకముందే ఆటో ఎక్కి వచ్చింది, నోట్లో చుక్క నీళ్ళు పోసుకోలేదు. నైవేద్యమని కాదు, ఆకలిగొన్న మనిషని, గరిటెకు అంటుకున్నది ఒక ఆకులో వేసి గడప దాటించాను. తినడం మొదలుపెట్టి ఆగిపోయింది.

"చెల్లె, గిది చేదు."

పరిహాసమనుకున్నాను. ఆమెకు అది అలవాటే.

"దేవుని తోడు. పచ్చి పసుపు నమిలినట్టున్నది. నమ్మకపోతె నువ్వే సూడు."

ఆ కాసేపు నేను పడ్డ నలుగుడు నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుంది. రుచి చూస్తే ఇది ఇక దేవుడికి పనికిరాదు. చూడకపోతే దేవుడికి చేదు పెట్టినదాన్ని అవుతానేమో. పాలూ చక్కెరా మొత్తం ఆ కడాయిలోనే ఉన్నాయి, పూజకు రెండు గంటలు లేదు. మూసిపెట్టి, ఏమీ ఎరగనట్టు విస్తళ్ళలో వడ్డించే దారి కూడా ఒకటి ఉంది, అదీ మనసులోకి రాకపోలేదు. దేవుడికి దండం పెట్టి, వేలితో ఇంత తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అక్క చెప్పింది నిజమే. గొంతు దాకా చేదు.

నేరుగా పెద్దమ్మ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"మొదలు ఎవ్వలు సూసిండ్రు?" అంది.

నేనే చూశానని చెప్పొచ్చు. నందిపేట అక్క చూసిందన్నాను. పెద్దమ్మ పూలదండ గుచ్చడం ఆపలేదు.

"మంచిగైంది. దేవునికి చేదు పెట్టబోతుంటె గామె నోటితోని ఆపిచ్చిండు. మల్ల వండితె యాల్లకైతదా, కాదా? గది చెప్పు బిడ్డ."

"అయితది పెద్దమ్మా."

"మరి నిలబడ్డవేంది?"

నూతి దగ్గర మళ్ళీ తలస్నానం చేసి, తడి చీరతోనే పొయ్యి ముందుకు వచ్చాను. పూజగదిలోని ఇత్తడి గుండిగ పెద్దమ్మే తీసిచ్చింది. పులిహోరకని ఉంచిన తురుములో సగం ఇటు తిప్పాను. పాలు లేవు, బెల్లం ఉంది. బియ్యం, పెసరపప్పు, కొబ్బరి, నెయ్యి. గాజర్ పచ్చివాసన పోయేదాకా నేతిలో వేయించి, ఉడికిన అన్నంలో కలిపి, బెల్లం పాకం పోశాను. అక్క అవతల నుంచి కొబ్బరి తురుముతూ "ఫికర్ జెయ్యకు, ఐతది, ఐతది" అంటూనే ఉంది. దించగానే మొదటి గరిటె చిన్న గిన్నెలోకి తీసి మూతపెట్టి దేవుడి ముందర పెట్టాను. రెండో గరిటె ఆకులో వేసి గడప దాటించాను. ఆమె తిని, ఆకును నాకి చూపించింది.

గంట కొట్టేసరికి నైవేద్యం సిద్ధంగా ఉంది. మెండోర రైతు తన గాజర్లు పప్పులోనూ పచ్చడిలోనూ కనిపిస్తే నమ్మలేక పక్కవాణ్ణి అడిగి మరీ తెలుసుకున్నాడు. పులిహోర మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. చేదు హల్వా సంగతి యార్డు కూలీలకు తెలిసిపోయి, దగ్గున్నవాళ్ళు ఇటు రండి, ఇది హల్వా కాదు దవా అని నాలుగు రోజులు నవ్వుకున్నారు. చివరికి దాన్ని సావుకారి బర్రెలు తిన్నాయి.

సాయంత్రం గిన్నెడు పులిహోర తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాను. మొత్తం తింది, గిన్నె కడిగి బోర్లించింది. తెల్లారి లేచేసరికి నా పెద్దదాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. "బడికి యాల్లయితుంది, పొల్లకు డబ్బ గట్టు" అంది నాతో. మా అన్నకు కబురు పోలేదు. మా ఆయన తిరిగి వచ్చేసరికి నాకు ఆర్మూరులో నా పొయ్యి నాకుంది. నా ఇద్దరు పిల్లలు పదో తరగతి ఇక్కడే చదివారు. పెద్దది ఇవాళ ఇందల్వాయి దగ్గర ఒక బడిలో పంతులమ్మ. ఎవరెవరికి రుణపడ్డానో ఆ పైవాడికే తెలుసు.

ఆ తరువాత పాతికేళ్ళు ఎక్కడ వండినా అదే పద్ధతి: మొదటి గరిటె మూతపెట్టి దేవుడికి, రెండోది ఆకులో అక్కకు. ఆమె మోకాళ్ళు అరిగి ఆటో ఎక్కలేకపోయిన దాకా అలాగే సాగింది. ఊరు నన్ను గాజర్లమ్మ అంది. ఆ పేరు విన్నప్పుడల్లా సంతోషపడ్డాను. దాంట్లో సగం నందిపేటదని మాత్రం నలుగురిలో ఏనాడూ గట్టిగా చెప్పలేదు. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. ఆ రోజు నూటయాభై విస్తళ్ళు లేచాయి, అక్క మాత్రం వెనక వాకిట్లో గిన్నెలో పెట్టుకుని తింది. పంక్తిలో కూర్చోబెడతానని పెద్దమ్మను అడగాల్సింది. చేదు సంగతి చెప్పడానికి వచ్చిన ధైర్యం దానికి రాలేదు. పెద్దమ్మ కాదనేదో, సరేననేదో, అడిగితే కదా తెలిసేది.

ఇప్పుడు గాజర్లు పన్నెండు నెలలూ ప్రతి బండి మీదా ఉంటాయి. తురమడానికి మిషన్లు, వడ్డించడానికి టోపీలు పెట్టుకున్న క్యాటరింగ్ పిల్లలు. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఎవరూ చూడరు, అది మంచికే. కాని వండినది ఎవరు రుచి చూశారు, చేదుంటే మొహం మీదే చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా ఎవరూ అడగరు. బాగుంది, బాగుంది అనే మాటల మధ్య నాకు అప్పుడప్పుడు "చెల్లె, గిది చేదు" అన్న ఆ గొంతు ఒక్కసారి వినాలనిపిస్తుంది.

ఆమె మట్టికి నేను పోలేకపోయాను. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు దండం పెట్టేది గుడిలోనైనా సరే, చర్చిలోనైనా సరే, నలుగురికి వండి మొదటి గరిటె ఎత్తిన రోజున, తాను ఆకలితో ఉండి చేదు తిని నా పిల్లల్ని బడిలో నిలబెట్టిన నందిపేట అక్కను ఒక్కసారి తలుచుకోండి.