లూకసా, నిఖిలా? వాదన తేల్చుకోవడానికి హామిల్టన్ వెళ్లాం

ఆ శరదృతువంతా మా వంటింట్లో ఒకటే వాదన: లూకస్ గొప్పా, నిఖిల్ గొప్పా? కెనడాలోని నార్త్ యార్క్‌లో సబ్‌వేకి దగ్గరగా రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో నలుగురం విద్యార్థినులం ఉండేవాళ్లం. ఏ బస్సెక్కినా, ఏ కాఫీ షాపుకెళ్లినా మాలాగే కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు కనిపించే రోజులవి. క్లాసులు, షిఫ్టులు, వర్క్ పర్మిట్ బెంగల మధ్య మాకు దొరికిన సరదా మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసిరే ఆట. బంతి విసరాలా, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది రెప్పపాటులో తేల్చుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. మా జట్టులో ఇద్దరున్నారు, ఇద్దరూ రెండో ఏడాది కుర్రాళ్లే. లూకస్ పొడగరి, విసిరితే బంతి గీత గీసినట్టు పోతుంది. నిఖిల్ ఇక్కడే ఏజాక్స్ అనే ఊళ్లో పుట్టిన తెలుగబ్బాయి, పొట్టి, ఎంతమంది అడ్డొచ్చినా చేపపిల్లలా జారిపోతాడు.

కర్నూలు అమ్మాయి లావణ్య లూకస్ పక్షం. "మనోడని సపోర్ట్ చేస్తాండావు గానీ శ్రుతీ, వాడు దూరం ఇసరలేడు" అనేది. నాది నిజామాబాద్. "ఉరుకుడు గూడ ఆటనే గద" అనేదాన్ని. హామిల్టన్‌లో జరిగే ఆఖరి మ్యాచ్ గెలిస్తేనే మా జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్తుందని తెలిసి, ఇద్దరం షిఫ్టులు మార్చుకుని బయల్దేరాం.

శనివారం ఉదయం తొమ్మిదింటికల్లా సబ్‌వేలో యూనియన్ స్టేషన్ చేరి, అక్కడ హామిల్టన్ బస్సెక్కాం. వారాంతపు పాసు పది డాలర్లు, రోజంతా చెల్లుతుంది. గంట దాటాక నీళ్లకు అవతల ఉక్కు కర్మాగారాల పొగ గొట్టాలు కనిపించాయంటే ఊరు వచ్చినట్టే. అక్కడి నుంచి క్యాంపస్‌కి సిటీ బస్సు. మా మెడలో జట్టు స్కార్ఫులు చూసి డ్రైవర్ నవ్వాడు. "మీవాళ్లు ఇక్కడ గెలిచి చాలా ఏళ్లయింది" అన్నాడు. "సాయంత్రం ఇదే బస్సులో వస్తాం, అప్పుడు చెప్పండి" అంది లావణ్య.

స్టేడియం స్టాండ్‌లో కూర్చోగానే మా వాదన మళ్లీ మొదలైంది. ముందు వరసలో ఒక్కతే కూర్చున్న ఆవిడ వెనక్కి తిరిగి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. రాజమండ్రి ఆవిడ. ఆసుపత్రిలో నర్సు. "నేను నిఖిల్ వాళ్లమ్మని" అనేసరికి లావణ్య నాలుక కరుచుకుంది.

"మీరే చెప్పండి ఆంటీ, ఇద్దరిలో ఎవరు బెటర్?" అన్నాను ధీమాగా.

"లూకసే."

"అదేంది ఆంటీ?"

"లూకస్ ఆడితే మావాడు బెంచీ మీద క్షేమంగా కూర్చుంటాడు కదమ్మా. పరుగెట్టినప్పుడల్లా నలుగురొచ్చి మీద పడతారు. చూడలేకే ఇన్నాళ్లూ రాలేదు. ఈసారి వాడే 'జస్ట్ వన్స్, అమ్మా' అన్నాడు."

ఆవిడ కోరుకున్నట్టే లూకస్ మొదలుపెట్టాడు, అద్భుతంగా ఆడాడు. మూడో క్వార్టర్‌లో ఇద్దరు గుద్దేసరికి అతని చీలమండ మెలిపడింది. నిఖిల్ మైదానంలోకి వచ్చాడు. ఆంటీ శాలువాతో మొహం కప్పేసుకుంది. "ఏమవుతోందో చెబుతూ ఉండండమ్మా" అంది. చెబుతూనే ఉన్నాం: పరుగెత్తాడు, పడ్డాడు, లేచాడు.

చివరి నిమిషానికి మేం నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లిచ్చే టచ్‌డౌన్ తప్ప దారి లేదు. కెనడా ఆటలో ముందుకు సాగడానికి మూడే అవకాశాలు. నిఖిల్ రెండుసార్లు పరుగెత్తి దొరికిపోయాడు. మిగిలింది ఒక్కటే. మేమిద్దరం మాట్లాడటం మానేశాం. ఆ నిశ్శబ్దానికి ఆంటీ తనే శాలువా తీసేసింది.

నిఖిల్ కుడివైపు దూకాడు. మళ్లీ పరుగేననుకుని అవతలి జట్టంతా అటే ఉరికింది. అతను ఠక్కున ఆగి, మైదానం అవతలి ఎడమ మూలకి బంతి విసిరాడు. అంత దూరం అతను విసరగా మేమెప్పుడూ చూడలేదు. గీత దాటి ఆ మూలలో ఒంటరిగా నిలబడ్డ మా జట్టు కుర్రాడి చేతుల్లో బంతి వాలింది. టచ్‌డౌన్, గెలిచాం.

"ఇసిరినాడే. దూరం ఇసిరినాడే" అంటూ లావణ్యే నన్ను పట్టుకుని ఊపేసింది. కుంటుకుంటూ వెళ్లి నిఖిల్‌ని మొదట వాటేసుకున్నవాడు లూకస్.

ఆట ముగిశాక నిఖిల్ కమ్మీ దగ్గరికి వచ్చాడు. "దెబ్బ తగిలిందా నాన్నా?" అంది ఆంటీ.

"ఐయామ్ ఫైన్. యూ సా ఇట్, రైట్?"

"చూశాన్రా. కళ్లు తెరిచే చూశాను."

అంత బాగా ఎలా విసిరావని నేనడిగితే, ఎడమ మూల ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తున్నారని బెంచీ మీంచి కనిపెట్టి చెప్పింది లూకసేనని ఇంగ్లిష్‌లో చెప్పాడు. లావణ్య, నేను మొహాలు చూసుకున్నాం.

తిరుగు ప్రయాణంలో మా గొంతులు పూర్తిగా పోయాయి. ఈ దేశానికి వచ్చాక అన్నిచోట్లా నెమ్మదిగా మాట్లాడటం అలవాటైంది మాకు: క్లాసులో, కౌంటర్ దగ్గర, ఇంటి ఓనర్ ముందు. ఆ మధ్యాహ్నం మాత్రం మా జట్టు కోసం, మా భాషలో, ఎవరి అనుమతీ అడక్కుండా అరిచాం. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చడానికి వెళ్లి, ఇద్దరూ మావాళ్లేనని తేల్చుకుని వచ్చాం.

మీరూ వెళ్లేటట్టయితే ఒక్కమాట: టికెట్ కొనేటప్పుడు మీ జట్టు బెంచీ వెనక వైపు, కింది వరసలు అడగండి. గెలిచినవాళ్లు ముందుగా వచ్చేది అక్కడికే.