మిగిలిన డైకర్

న్యూజెర్సీలో డిపెండెంట్ వీసా మీద ఉన్న రోజులవి. అనంతపురంలో పశువుల డాక్టరుగా పనిచేసి వచ్చిన నేను ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక దగ్గర్లోని చిన్న జూలో వాలంటీరుగా చేరాను. వాళ్ళు నాకు అప్పజెప్పింది డైకర్ల గది ఊడ్చే పని.

డైకర్లంటే ఆఫ్రికా అడవుల్లోని బుల్లి జింకలు. మా దగ్గరున్న జంట కుందేలు కన్నా కాస్త పెద్దవి, అంతే. అలికిడైతే చాలు, తల వంచుకుని పొదలోకి దూకేవి. అడవిలో పైన కోతులు తిని పారేసే పళ్ళే వాటికి భోజనం. పండు పడ్డ చప్పుడు వింటే పరిగెత్తుకొస్తాయట. ఈ రకంలో ఆడా మగా బతికున్నంత కాలం జంటగానే ఉంటాయి. కళ్ళ కింద ఉన్న గ్రంథిలోంచి జిగురు కారుతుంది. దాన్ని కర్రలకూ రుద్దుతాయి, ఒకదాని చెంపకు ఒకటీ రుద్దుకుంటాయి. గది మూలనున్న గుంజ ఆ జిగురుతో నల్లగా నిగనిగలాడేది. మొగుడితో రెండు మాటలు మాట్లాడే తీరిక నాకే లేదు, వీటికి చూడు ఎంత తీరికో అని నవ్వుకునేదాన్ని.

ఆ చలికాలం మగది జబ్బు చేసి చచ్చిపోయింది. అదే రోజు గదంతా బ్లీచ్‌తో కడిగారు. మొదట నాకూ తప్పనిపించలేదు. మన ఇళ్ళల్లోనూ మనిషి పోతే ఇల్లు కడుగుతాం కదా. మర్నాడు వెళ్ళేసరికి ఆడది గుంజ దగ్గర నిలబడి ఉంది. వాసన చూడటం, చెంప ఆనించడం, వెనక్కి తగ్గడం, మళ్ళీ వాసన చూడటం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క గుంజనైనా వదిలేయాల్సిందని పెద్ద కీపరుతో అన్నాను. జబ్బు అంటుకుంటే ఎలా అందామె. నేనైనా డాక్టరుగా ఆ మాటే చెప్పేదాన్ని. అందుకే ఇంకా కోపం వచ్చింది.

అది తిండి మానేసింది. నెమరువేసే జంతువు మేత ముట్టకపోతే ఎక్కువ రోజులు నిలవదు. జూ డాక్టరు సూదులు వేస్తుంటే పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"ఏమండీ, ఐసెలిన్‌లో ఇండియన్ షాపుకి తీసుకెళ్తారా? జామపళ్ళు కావాలి," అన్నాను మా ఆయనతో.

"ఆ జింకకేనా? జూకి డాక్టర్ ఉన్నాడు కదా. నువ్వు వాలంటీర్‌వి, ఊరికే టెన్షన్ తీసుకోకు."

"వాళ్ళు గిన్నెలో ఆపిల్ ముక్కలు పెడుతున్నారండీ. అడవిలో దానికి గిన్నెలో ఎవరు పెట్టారు?"

గొణుక్కుంటూనే డ్రైవ్ చేశారు.

కీపరును ఒప్పించి, స్టూలెక్కి, పైనుంచి ఒక పండు వదిలాను. చప్పుడు వినగానే అది పొదలోంచి పరిగెత్తుకొచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. పండు వాసన చూసింది. తల తిప్పి, తన వెనకాల ఎవరైనా వస్తున్నారా అన్నట్టు చూసింది. రెండో పండు వదిలాను, మూడోది వదిలాను. ఒక్కటీ కొరకలేదు.

మర్నాడు తలుపు తీస్తే అది పొదలోకి దూకలేదు. మెల్లగా నా దగ్గరికే నడిచొచ్చింది. నా మోకాలికి ఒక చెంప రుద్దింది, తర్వాత రెండో చెంప. నా ప్యాంటు మీద తడి మరక పడింది. అంత పిరికి జంతువు భయం కూడా మానేసిందంటే దానిలో ఇంకేమీ మిగల్లేదని తెలియనంత అమాయకురాలిని కాను. నేను దాని జంటను కానని దానికీ తెలుసనుకుంటాను. నాకు ఏడుపు ఆగలేదు. కదిలితే బెదురుతుందేమోనని కాలు తిమ్మిరెక్కేదాకా అలాగే నిలబడ్డాను. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది.